తిరకాసు ఉప్పు

ఏప్రిల్ ఆఖరు. అరండల్‌పేటలో
రేకుల కప్పు కింద మా కాలేజీ ల్యాబు.
కిటికీకి తడి గోనె కడుతూ అటెండర్ మస్తాన్‌వలి
"వాటర్ బాత్ ఎందుకు మేడమ్,
బీకరు గుమ్మంలో పెడితే అదే ఉడుకుద్ది" అంటాడు.

సీరియం కార్బొనేటు తెల్లటి పొడి.
ముగ్గుపిండి దీని ముందు గరుకు.
అరుదైన మట్టి అని పేరేగాని
నేలలో రాగి ఎంతుందో ఇదీ దాదాపు అంతే,
పేరు పెట్టినవాడికి తొందరెక్కువ.

నీళ్లలో ఆమ్లం గాని, ఆమ్లంలో నీళ్లు కాదు.
పదకొండేళ్లుగా చెబుతున్నా,
ఏటా ఒక చున్నీకి చిల్లు పడుతూనే ఉంది.
పలుచటి గంధకామ్లం చుక్కచుక్కగా పోస్తే
గోలీసోడా కొట్టినట్టు బుస్సుమని పొంగి
బుస తగ్గాక మిగిలేది రంగులేని నీరు.

ఇప్పుడు చూడండి.
పంచదార వేడి టీలో కరుగుతుంది,
ఉప్పు ఉడికే పులుసులో.
పటికా తుత్తమూ సెగ తగిలితే ఇంకా ఒదిగిపోతాయి.
ఇది చల్లటి నీళ్లలో పొందిగ్గా కూర్చుని
మంట పెంచేకొద్దీ
నా వల్ల కాదని లేచొస్తుంది,
గాజు గోడ పొడుగునా తెల్లటి పలుకులు.
వేడి మీదే వడకట్టాలి,
ఆలస్యమైతే మనసు మార్చుకుంటుంది.

సీసా మీద మస్తాన్‌వలి "తిరకాసు ఉప్పు" అని రాశాడు.
నేను చెరపలేదు.

దీని అన్న పక్క బల్ల మీదుంటాడు,
ఒక ఎలక్ట్రాను తక్కువై, పసుపుపచ్చగా.
ఇనుము కనబడితే చాలు, దాని దగ్గర ఒకటి లాక్కుని
తానే తెల్లబోతాడు.

ఎస్తేరు సెలవు రోజుల్లో మిర్చి యార్డులో తొడిమలు తీస్తుంది.
పిపెట్టు పట్టే ముందు
మండే వేళ్లని మజ్జిగ గ్లాసులో ముంచుతుంది.
ఆ రోజు చున్నీ కొంగు ముడి విప్పి
ఎర్ర బిళ్లలు నాలుగు బల్ల మీద పోసింది.
"క్యాంపులో ఇచ్చారండి. రెండు నెలలు మింగా.
కళ్లు తిరగడం తగ్గలా.
ఇందులో ఇనుము ఉందా అసలు?"

నూరాం. ఆమ్లంలో కరిగించాం.
ఫెర్రాయిన్ రెండు చుక్కలు, దానిమ్మ రసం రంగు.
బ్యూరెట్టు నుంచి పసుపు దిగుతోంది.
ఇరవై దగ్గర లేత నీలం రావాలి.
పదకొండు పాయింట్ రెండుకే వచ్చేసింది.

మళ్లీ చేసింది. పదకొండు పాయింట్ మూడు.
మళ్లీ. పదకొండు పాయింట్ రెండు.

మస్తాన్‌వలి బ్యూరెట్టు ఊడదీసి వెలుగుకెత్తాడు,
పగులుందేమోనని. లేదు.
ద్రావణం బలం తప్పిందేమోనని
మోర్ ఉప్పుతో సరిచూశాను. తప్పలేదు.
అట్ట మీద నూరు మిల్లీగ్రాములు.
మా లెక్కకి యాభై ఆరు.

"పిల్లల టైట్రేషన్ సాక్ష్యం అవుద్దా అమ్మా?
అయినా నువ్వు కాంట్రాక్టులో ఉన్నావు" అన్నారు ప్రిన్సిపాల్,
చివరి మాట కొంచెం మెల్లగా.
ఎస్తేరు రికార్డులో మూడు గడులు గీసి
మూడు రీడింగులూ రాసింది.
కింద ఎర్రసిరాతో సంతకం పెట్టాను.
చెయ్యి వణికింది, తారీఖు వంకరగా పడింది.

పారబోయాల్సిన నీళ్లు మస్తాన్‌వలి పారబోయడు.
ఆక్సాలికామ్లం వేస్తే సీరియం తెల్లగా అడుక్కి దిగుతుంది,
ఇనుము పైన నీళ్లలోనే ఉండిపోతుంది.
ఆ అడుగుని మూసలో ఎర్రగా కాల్చి
చల్లారాక పిడికెడు లేత పసుపు బూడిద తీస్తాడు.
దాంతో రుద్దితే అద్దం గీతలు పోతాయి,
ఆయన కళ్లజోడు అలాగే బతుకుతోంది.

సోమవారం నేను వచ్చేసరికి
మెట్ల దగ్గర నోటీసు బోర్డు ముందు కూర్చుని
తడి ఫెల్టు గుడ్డతో ఇంకా రుద్దుతున్నాడు.
ఏళ్ల నాటి గీతలు ఒక మూల మాత్రం మిగిలాయి.
అద్దం వెనక
హాల్‌టికెట్ల కాగితం పక్కన ఎస్తేరు పేజీ.

గేటు దగ్గర నుంచే
పదకొండు చదవొచ్చు.
పాయింట్ తర్వాత అంకెకి
ఇంకాస్త దగ్గరకు రావాలి.